గౌరవ బహువచనం – స్త్రీవాచక క్రియ: ఒక పరిశీలన

తెలుగులో గౌరవసూచకమైన ‘-రు’ మూలతః మహద్బహువచన ప్రత్యయం. ‘వారు వచ్చారు’ అనే బహువచనరూపమే గౌరవార్థంలో ఒక్క వ్యక్తికీ అన్వయించింది. అయితే స్త్రీవాచకాల విషయంలో ఈ ప్రత్యయం గౌరవాన్ని మించిన పని చేస్తున్నది.

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ప్రకారం స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులవలె, బహువచనంలో మహత్తులవలె ప్రవర్తిస్తాయి. అందువల్లనే ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అన్న వాక్యాలలో క్రియారూపం ఒక్కటే. పురుషునికి ‘వచ్చాడు’ అన్నప్పుడు గౌరవం లోపించవచ్చును గాని మహత్త్వం లోపించదు. స్త్రీకి ‘వచ్చారు’ అన్నప్పుడే ఆ రెండూ క్రియలో సిద్ధిస్తాయి.

సాహిత్యచరిత్రలలో ‘తిక్కన రచించాడు’, ‘మొల్ల రచించింది’ అనడం సంప్రదాయం. ఇద్దరికీ ఏకవచనమే వాడినా వ్యాకరణం వారిని సమంగా చూడలేదు. ఇక ఒకే వ్యాసంలో ఆధునిక రచయితకు ‘రాశారు’ అనీ, రచయిత్రికి ‘రాసింది’ అనీ వాడితే ఆ అంతరం రెట్టింపవుతుంది. దానిని కేవలం శైలీభేదంగా పరిగణించలేము. మొదటిది భాష మనకిచ్చిన వ్యవస్థ. రెండవది మన ఎంపిక. కనుక విమర్శకులు గౌరవ బహువచనాన్ని ఇరువురికీ పాటించడం మర్యాద మాత్రమే కాదు, పరిశోధనా నియమం కూడా కావాలి.