ఒకటో ఆట బాకీలు

తిరుపతి వేంకట కవులు రాసిన పాండవ నాటకాలు ఆరు. వాటిలో ఉద్యోగాన్నీ విజయాన్నీ కలిపి కురుక్షేత్రంగా తెల్లవార్లూ ఆడడం మన నాటక సమాజాల అలవాటు. జంటలో ఒకరైన దివాకర్ల తిరుపతి శాస్త్రిది మన ప్రాంతంలోని యండగండి గ్రామమే. రాయబారంలో అన్న ప్రతి మాటకూ యుద్ధరంగంలో జవాబు చెప్పుకోవాలి, చూసేవాళ్లు తెల్లారేదాకా కూర్చునేది అందుకే. ఇప్పుడు ఆ రాయబారి మీరే అనుకోండి. సంధి కుదుర్చుతారో, చెడగొడతారో మీ ఇష్టం. మీరు తేల్చినదాన్ని బట్టి రెండో నాటకం మారిపోతుంది. మాస్ ఎఫెక్ట్ 2 అనే వీడియో గేమ్ ఆడడమంటే ఇదే.

కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉన్న బయోవేర్ సంస్థ మొదటి ఆటను 2007 నవంబరులో, రెండోదాన్ని 2010 జనవరిలో విడుదల చేసింది. పాత ఆట సేవ్‌ను కొత్త ఆటలోకి తెచ్చుకునే పద్ధతి అప్పటికే ఉంది. 1982లో వచ్చిన విజార్డ్రీ రెండో భాగం ఆడాలంటే మొదటి భాగంలో పెంచిన వీరుల్ని తీసుకురావలసిందే. 1998 నాటి బాల్డర్స్ గేట్ నుంచి 2000లో వచ్చిన రెండో భాగానికీ మన వీరుణ్ణి మార్చుకోవచ్చు. కానీ అక్కడ ముఖ్యంగా వెంట వచ్చేవి బలం, లెవెల్. ఇక్కడ మనం నడిపే కమాండర్ షెపర్డ్ వెంట వచ్చేవి నిర్ణయాలు.

మొదటి ఆటలో వర్మైర్ గ్రహం మీద క్రోగన్ అనే గ్రహాంతర జాతికి చెందిన రెక్స్ అనే యోధుడు షెపర్డ్ మీదికే తుపాకీ ఎత్తుతాడు. నచ్చజెప్పి బతికించుకుంటే రెండో ఆటలో అతనే తన తెగకు నాయకుడై ఎదురొస్తాడు, ఆప్యాయంగా పలకరిస్తాడు. చచ్చిపోతే ఆ గద్దె మీద రీవ్ అనే మొరటువాడు ఉంటాడు. మొదటి ఆటలో దొరికిన రాక్నీ అనే గ్రహాంతర జాతి రాణిని చంపకుండా వదిలేసినవాళ్లకు ఇలియం గ్రహం మీద ఒకామె ద్వారా ఆ రాణి కబురు అందుతుంది. చంపినవాళ్లకు ఆ కబురు లేదు. ఈ పద్ధతి ఎక్కడా తడబడలేదని అనలేం. కాన్రాడ్ వెర్నర్ అనే వీరాభిమానితో మనం ఎంత మర్యాదగా మెలిగినా, ఒక లోపం వల్ల రెండో ఆటలో అతను మనం తుపాకీ గురిపెట్టామనే నిష్ఠూరమాడతాడు. మూడో ఆటలో ఆ లోపాన్ని కాన్రాడ్ చేతే ఒప్పించి సర్దారు.

ఈ ఆట ప్రాణం మాత్రం లాయల్టీ మిషన్లలో ఉంది. జట్టులో ఒక్కొక్కరికీ ఒక పాత గాయం ఉంటుంది. అది మాన్పితేనే వాళ్లు మనస్ఫూర్తిగా మన వెంట నిలుస్తారు. అన్నిటిలోకీ నన్ను పట్టేసింది మోర్డిన్ కథ. క్రోగన్ల సంతతి పెరగకుండా జెనోఫేజ్ అనే జన్యురోగాన్ని వాళ్ల మీద ప్రయోగించారు. వెయ్యి కాన్పుల్లో ఒకటి నిలిస్తే గొప్ప. క్రోగన్లు దాన్ని తట్టుకుంటున్నారని తెలిసినప్పుడు దానికి మళ్లీ పదును పెట్టిన శాస్త్రవేత్తల్లో మోర్డిన్ ఒకడు. అతని శిష్యుడు మేలన్ పశ్చాత్తాపంతో విరుగుడు వెతుకుతూ, బతికున్న క్రోగన్ల మీద ఘోరమైన ప్రయోగాలు చేశాడు. చివర ఆ ప్రయోగాల సమాచారాన్ని ఉంచాలా, చెరిపేయాలా అన్నది మన చేతిలో పెడతారు.

కొల్లేరు పక్కన పెరిగినవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. 1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యం అన్నారు. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సు బతకాలి, నీరు ఉప్పుటేరు దాకా సాగాలి, పక్షులకు చోటుండాలి అన్నది నిజం. ఆ చెరువుల మీదే బతికిన లంక గ్రామాల ఆకలీ నిజమే. దూరాన కూర్చున్నవాళ్లు లెక్కలు కట్టి తేల్చిన నిర్ణయం ఒక ఇంటి గుమ్మంలోకి వస్తే ఎలా ఉంటుందో మనకు తెలుసు. అందుకే మోర్డిన్ గడగడా లెక్కలు అప్పజెబుతూ, విరుగుడు కోసం ప్రాణమిచ్చిన ఒక క్రోగన్ స్త్రీ శవం దగ్గర తడబడినప్పుడు, ఈ ఆట రాసినవాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది. ఎవరినీ దుర్మార్గుణ్ణి చేసి వదిలేయలేదు. మేలన్ సమాచారం చెరిపేస్తే మూడో ఆటలో ఈవ్ అనే క్రోగన్ స్త్రీ బతకదు. జాలితో చెరిపినా, కోపంతో చెరిపినా ఫలితం ఒకటే.

చివరి ఘట్టాన్ని ఆత్మాహుతి దాడి అంటారు, పేరుకు తగ్గట్టే ఉంటుంది. మన అంతరిక్ష ఓడకు కవచం, రక్షణ వలయం, ఫిరంగి ముందే సమకూర్చుకోకపోతే ఒక్కో లోటుకు ఒక్కో సహచరుడు బలి. శత్రువులు ఎత్తుకుపోయిన సిబ్బంది కోసం వెంటనే బయలుదేరాలి, మిగిలిన పనులు చూసుకుని వెళ్దామంటే కొందరు ప్రాణాలతో దొరకరు. గొట్టంలో దూరి తలుపు తెరవడానికి టాలీ లాంటి సాంకేతిక నిపుణులు కావాలి. బయట దళాన్ని నడపడానికి గారస్ లాంటి అనుభవజ్ఞుడు కావాలి. అక్కడ నాయకుడి ఎంపిక తప్పితే చచ్చేది నాయకుడు కాదు, గొట్టంలో ఉన్నవాడు. వేరే ఏ ఆటా పనుల పంపకాన్ని ఇంత బరువుగా నాకు చూపించలేదు. కాపలాకు మిగిలినవాళ్ల బలాన్ని ఆట లోపల్లోపల సగటు కడుతుంది. ఆ లెక్కలో మోర్డిన్ బలహీనుడు, ముందు పోయేది తరచు అతనే. అందుకే తెలిసినవాళ్లు దొరికిన సిబ్బందికి తోడుగా అతన్ని ఓడకు పంపేస్తారు.  సహచరుల్లో ఇద్దరైనా మిగలకపోతే షెపర్డే చనిపోతాడు.

గ్రహాలను జల్లెడ పట్టి ఖనిజాలు ఏరే పని విసుగు, కాదనను. మొదటి ఆటలోని సామాను సంచీని బాగా కుదించారని అలిగినవాళ్లూ ఉన్నారు, నాకైతే ఆ తేలికే నచ్చింది.

తాడేపల్లిగూడెం నిట్ హాస్టళ్లలో ఉన్న పిల్లలు అడిగితే నేను చెప్పేది ఒకటే. 2021లో మూడు ఆటలూ కలిపి లెజెండరీ ఎడిషన్‌గా వచ్చాయి. నేరుగా రెండోదానికి దూకకండి. మొదటిది కాస్త నెమ్మదిగా ఉన్నా పూర్తిచేసి, ఆ సేవ్‌నే తెచ్చుకోండి. వర్మైర్‌లో రెక్స్‌తో మాట్లాడేముందు వాదనా పటిమ పాయింట్లు కొన్ని పెంచుకుని వెళ్లండి.