శాలువాలు సరే, ఒక కాయితం రాసియ్యుండ్రి

పోయిన వారం ఒక యూనివర్సిటీలో పదవీ విరమణ సభకు పోయొచ్చాను. ఎగ్జామినేషన్ బ్రాంచిలో అటెండరుగా చేరి, రికార్డు అసిస్టెంటుగా దిగిపోతున్న మనిషి. స్టేజీ వెనక ఫ్లెక్సీ కట్టారు. పైవరుసలో పెద్దల ఫొటోలు నిలువెత్తున ఉన్నాయి. అసలు రిటైరవుతున్నాయన కింద కుడిమూలన పాస్‌పోర్టు సైజులో ఉన్నాడు. వక్తలు ఒకరి తర్వాత ఒకరు లేచి వేదిక మీది పెద్దలకు ధన్యవాదాలు చెప్పుకున్నారు. ఆయన గురించి మాత్రం 'అందరికీ తలలో నాలుక' అని, ఎవరికైనా అతికే మాట ఒకటి అనేసి కూర్చున్నారు. ఆయన వంతు వచ్చేసరికి, భోజనాలు చల్లారిపోతున్నాయని మైకు దగ్గరున్నాయన సైగ చేశాడు.

ఆయన చేసిన పనేంటో నాకు తెలుసు కాబట్టి ఒళ్లు మండింది. డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పినన్నాళ్లూ ఎండాకాలం స్పాట్ వాల్యుయేషన్‌కు పోయేవాణ్ణి. మేం టీ తాగి తీరిగ్గా వచ్చేసరికి జవాబు పత్రాల కట్టలు బల్లల మీద సిద్ధంగా ఉండేవి. ఒక్కో పేపరు మీది హాల్‌టికెట్ నంబరు భాగం చింపి, కోడ్ నంబరు వేసి, లెక్కపెట్టి, పురికొసతో కట్టిన చేతుల్లో ఆయనవీ ఉన్నాయి. అడిషనల్ షీటు ఊడిపోయిన పేపరు కంటబడితే ఆ కట్టను కదలనిచ్చేవాడు కాదు. బీరువాల కింద, బల్లల సందుల్లో వెతికి, షీటు దొరికాక దారంతో కుట్టి మరీ ఇచ్చేవాడు. ఆ షీటులో పది మార్కుల జవాబు ఉంటుంది. ఏ మర్రిగూడ పిల్లదో, ఏ నారాయణపురం పిల్లగానిదో డిగ్రీ దాని మీదే ఆగి ఉంటుంది. ఈ ముక్క ఆ రోజు మైకులో ఒక్కరూ చెప్పలేదు.

ఇక శాలువాలు. వాటి మీద నా గోల ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. మన ఎండలకు శాలువా ఏంటి? మా చౌటుప్పల్ మండలంలోనే కొయ్యలగూడెం ఉంది, పక్కనే పోచంపల్లి ఉంది. ఇక్కత్ దుప్పటి కప్పితే కనీసం పరుచుకుని పడుకుంటాడు కదా అని ఎన్నిసార్లు రాశానో! ఎవరూ వినలేదు. ఆ రోజు కూడా ఆయన ఒళ్లో శాలువాల గుట్ట పడింది. అందులో సగం వచ్చే నెల ఇంకొకరి భుజాల మీద తేలతాయి.

ఇక్కత్ అన్నాను కాబట్టి ఆసు సంగతి చెప్పకుండా ఉండలేను. చీర చూసినవాళ్లు నేసినవాణ్ణి మెచ్చుకుంటారు. మగ్గానికి ఎక్కకముందు ఆసు పోసిన ఆడమనిషిని అడిగేవాళ్లుండరు. ఒకవైపు ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరస మేకులు. నూలుపోగును ఇటునుంచి అటు, అటునుంచి ఇటు చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు తిరగాలంటారు. రంగు అంటకుండా నూలుకు చిటికి కట్టడం, రంగులద్దడం, నెయ్యడం అన్నీ ఆ తర్వాతే. మా చిన్నతనంలో సాలోళ్ల ఇళ్లల్లో అమ్మలు రాత్రిపూట భుజానికి ఇసుకమూట కాపు పెట్టుకునేవాళ్లు. అది విడిగా కూలి కట్టాల్సిన పనని ఎవరూ అనుకోలేదు. ఇంట్లో ఆడవాళ్లు చేసేదే కదా!

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం ఒక్కడే అలా అనుకోలేదు. తల్లి లక్ష్మి ఆసు పోసి పోసి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేకపోయాడు. పెద్ద చదువు లేదు, చేతిలో డబ్బు లేదు, ఊళ్లో నవ్వినవాళ్లున్నారు. 1992లో మొదలుపెట్టి 1999కి ఆసు యంత్రం చేశాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది. దాన్ని మా దగ్గర చూడని ఇల్లు తక్కువ.

ఇంటి ఆడవాళ్ల పని లెక్కలోకి రాకపోవడం మన దగ్గరే కాదు. అదే 2017లో అమెరికాలో, వర్జీనియా యూనివర్సిటీ ఆచార్యుడు బ్రూస్ హోల్సింగర్, పాత పుస్తకాల కృతజ్ఞతల పేజీలు తీసి జనానికి చూపించాడు. రాతప్రతి మొత్తం టైపు చేసిపెట్టిన మనిషి అందులో 'నా భార్య'. పేరుండదు. మన పీహెచ్‌డీ గ్రంథాలూ ఏం తక్కువ తినలేదు. గైడుకు అరపేజీ, వీసీకి ఒక పేరా, చివర్లో 'లైబ్రరీ సిబ్బందికి' అని ఒక ముక్క. అటక మీది పుస్తకాన్ని నిచ్చెనేసుకుని దింపి, దుమ్ము దులిపి ఇచ్చినాయన ఆ ముక్కలో ఎక్కడున్నాడో ఏమో.

కృతజ్ఞత అంటే మల్లేశం చేసిందే. పొగడ్తలు కట్టిపెట్టి పని బరువు తగ్గించాలి. కట్టలు మోసేవాళ్లకు తోపుడు బండి, రికార్డు రూముకు గాలాడే కిటికీ, ఒకటో తారీఖున జీతం. జెండా పండుగనాడు కలెక్టరు చేతుల మీదుగా ఇచ్చే ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రాలన్నీ గోడకు తగిలించుకునే కాగితాలే. ఈ వారం కాలమ్ ఇదేనని భోజనాల దగ్గరే ఖాయం చేసుకున్నాను.

అక్కడ సాంబారు వడ్డిస్తున్నది బ్రాంచిలో కంప్యూటర్ ఆపరేటరు. మా చౌటుప్పల్ పిల్లవాడే, ఔట్‌సోర్సింగ్. మార్కులు ఎక్కించేటప్పుడు మా పంతుళ్ల కూడికల్లో తప్పులు పట్టుకునేది ఇతనే. నా సిద్ధాంతమంతా వినిపించాను. నవ్వాడు.

"తోపుడు బండి మంచిదే సార్. గాని నాకైతే ఒక్క కాయితం రాసియ్యుండ్రి. నేను ఈడ పనిచేసిన్నని యాడ లేదు."

నిజమే. రెగ్యులర్ ఉద్యోగికి సర్వీస్ రిజిస్టరు ఉంటుంది. ఇతని పేరున ఉన్నది హాజరు పట్టీ ఒక్కటే. టెండరు మారితే ఏజెన్సీ మారుతుంది, దాంతో మెడలో కార్డూ మారుతుంది. కూర్చునే కుర్చీ మాత్రం అదే. జీతం చీటీ మీద ఉండేది ఏజెన్సీ పేరే. పద్ధతి ప్రకారం నియామకం జరగని తాత్కాలిక ఉద్యోగులు పర్మనెంటు చెయ్యమని హక్కుగా అడగలేరని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆఫీసుల్లో భయం పోలేదు. నోటితో ఎంతైనా మెచ్చుకుంటారు. అదే మాట రాసి సంతకం పెట్టమంటే, రేపు ఏ కోర్టులో చూపిస్తాడోనని పెన్ను మూత పెట్టేస్తారు.

అయితే నేను తీసిపారేసిన కాగితమే ఇతనికి కావాలి. మల్లేశం సంగతీ మళ్లీ ఆలోచించాను. భుజం నొప్పి తగ్గడానికి యంత్రం చాలు. ఆయన అక్కడితో ఆగలేదు, దానికి లక్ష్మి ఆసు యంత్రమని తల్లి పేరు పెట్టాడు. కలెక్టరు ఇచ్చే ప్రశంసాపత్రం మీద ఇంతకుముందున్నంత చిరాకు ఇప్పుడు లేదు. అందులో ఏ పనికి ఇచ్చారో కూడా రాస్తే ఇంకేం చిరాకు లేదు.

రిటైరైనవాణ్ణి, నాకు లెటర్‌హెడ్ లేదు. వాల్యుయేషన్ క్యాంపుల్లో నాతో కూర్చుని, ఇప్పుడు ఒక కాలేజీకి ప్రిన్సిపాలైన మిత్రుడికి ఫోన్ చేశాను. "పని గురించి రాస్తగాని, ఎన్నేండ్లనో రాయనన్నా" అన్నాడు. చాలాసేపు వాదించుకున్నాం. సరే, ఏ ఏ సెమిస్టర్ల పేపర్లకు మార్కులు ఎక్కించాడో రాయమన్నాను, ఏళ్లు వాటంతటవే తేలతాయి. దానికి ఒప్పుకున్నాడు. కూడికల తప్పులు పట్టిన సంగతి, సర్వరు మొరాయించిన రోజు రాత్రిదాకా కూర్చుని పూర్తిచేసిన సంగతి ముసాయిదాలో నేనే రాసి పంపాను. సోమవారం సంతకం పెడతానన్నాడు. రౌండ్ సీలు కూడా కొట్టమని మళ్లీ ఫోన్ చెయ్యాలి.