కొండదారిని మళ్ళీ కట్టినవాళ్ళు

న్యూయార్క్ నగరానికి ఉత్తరాన, హడ్సన్ నది ఒడ్డున బేర్ మౌంటెన్ స్టేట్ పార్కు ఉంది. వేసవి ఆదివారాల్లో అక్కడ కారు నిలపడానికి చోటు దొరకడం కష్టం. కింద హెస్సియన్ సరస్సు, పైన 1934 నాటి రాతి బురుజు, మధ్యలో చెట్ల కిందుగా కొండెక్కే గ్రానైట్ మెట్లు. వాటిని మొదటిసారి చూసినవాళ్ళు ఏ పాత కాలంలోనో కట్టి ఉంటారనుకుంటారు. నిజానికి అవి ఈ శతాబ్దంలోనివే. పని 2000 దశకం మధ్యలో మొదలై 2018 దాకా సాగింది. వెయ్యికి పైగా మెట్లు. ఆ పనిలో పెద్ద వాటా జీతం లేకుండా వచ్చి చెమటోడ్చిన వాలంటీర్లది.

ఈ కొండకు దారుల చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. అమెరికా తూర్పు పర్వతాల వెంట ఒక సుదీర్ఘ కాలిబాట ఉండాలని అటవీ నిపుణుడు బెంటన్ మెకై 1921లో ఆర్కిటెక్టుల పత్రికలో వ్యాసం రాశాడు. ఆ అపలాచియన్ ట్రైల్ ఇప్పుడు జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 3,500 కిలోమీటర్లు సాగుతుంది. అందులో అన్నిటికంటే ముందు, 1923 అక్టోబరులో తెరిచిన ముక్క బేర్ మౌంటెన్ దగ్గరిదే. దాన్ని వేసింది న్యూయార్క్-న్యూజెర్సీ ట్రైల్ కాన్ఫరెన్స్ వాలంటీర్లు. 1920లో పుట్టిన ఆ సంస్థ ఇవాళ రెండు వేల మైళ్ళకు పైగా కాలిబాటల బాగోగులు చూస్తోంది. జనం ఎక్కి ఎక్కి పాత దారులు పాడయ్యాకే కొత్త మెట్లు అవసరమయ్యాయి. కొండను పాడుచేసిందీ, బాగుచేసిందీ నడక మీద ఇష్టమే.

పాడవడం ఎలా జరుగుతుందో తెలిస్తే ఈ పనిలోని నేర్పు అర్థమవుతుంది. పాత దారులు చాలాచోట్ల వాలుకు ఎదురుగా నిటారుగా పైకి పోతాయి. తొందరగా పైకి చేరాలనుకునేవాళ్ళకు అదే దగ్గర. వానకూ అదే దగ్గర. దారిలోకి దిగిన నీరు బయటికి పోయే సందు లేక అందులోనే పరుగెత్తి మట్టిని కోసుకుపోతుంది. వేర్లు తేలతాయి, రాళ్ళు ఊడతాయి. ఆ గుంతల్లో కాలు పెట్టడం ఇష్టంలేని మనిషి పక్కనున్న గడ్డి మీదుగా నడుస్తాడు. వెనక వచ్చేవాడు ఇంకాస్త పక్కగా. కొన్నేళ్ళకు రెండడుగుల కాలిబాట బండి బాటంత వెడల్పై, మధ్యలో గండిపడి ఉంటుంది. నీరు, మనిషి పాదం రెండూ తేలికైన దారినే వెతుక్కుంటాయి. ట్రైల్ బాగుచేసేవాళ్ళ విద్య అంతా ఈ రెంటి స్వభావాన్నీ ఒప్పుకుని, సరైన దారినే తేలికైన దారిగా మార్చడంలో ఉంది.

నీటి విషయంలో వాళ్ళకు ఒక లెక్క ఉంది. దారి ఎక్కుడు, కొండ వాలులో సగాన్ని మించకూడదు. వంద అడుగులకు ముప్పై అడుగులు లేచే కొండ పక్కన, దారి వంద అడుగులకు పదిహేను అడుగులకన్నా ఎక్కువ ఎక్కితే నీరు దారినే పట్టుకుంటుంది. అంతకన్నా తక్కువైతే అడ్డంగా దాటి కిందికి జారిపోతుంది. అందుకే దారిని కొండకు అడ్డంగా తిప్పుతారు, నడిచే చోటును లోయ వైపు కొద్దిగా వాలుస్తారు. అక్కడక్కడా ఎక్కుతున్న దారిని నాలుగడుగులు కిందికి దించి మళ్ళీ ఎక్కిస్తారు. నడిచేవాళ్ళకు ఆ చిన్న పల్లం తెలియనే తెలియదు. నీటికి మాత్రం అదే బయటికి పోయే తలుపు.

మరీ నిటారుగా ఉన్నచోట, జనం వేలల్లో ఎక్కేచోట మట్టి నిలవదు. అక్కడ మెట్లు తప్పవు. కొండ మీది గ్రానైట్ బండకే వరసగా రంధ్రాలు వేసి, ఒక్కో రంధ్రంలో రెండు ఇనుప రేకుల మధ్య ఒక చీల దించుతారు. ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక్కో చీలకు ఒక్కో దెబ్బ. కసిగా కొడితే రాయి వంకరగా పగులుతుంది. బిగువు పెరిగేకొద్దీ సుత్తి చప్పుడు మొద్దుగా ఉన్నది కాస్తా ఖంగుమని మోగుతుంది. అప్పుడు చేయి ఆపి వేచి చూడాలి. ఉన్నట్టుండి రంధ్రాల వెంట వెంట్రుకలాంటి గీత పడుతుంది. మన ప్రాంతాల్లో తరతరాలుగా బండలు చీల్చిన వడ్డెర పనివాళ్ళకు ఈ చప్పుడు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. దుమ్ము గురించీ అంతే. గ్రానైట్ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను తినేస్తుంది. రాతిపని మీద బతికే ఎన్నో కుటుంబాలు ఆ జబ్బుకు మనుషులను పోగొట్టుకున్నాయి. కళ్ళకు అద్దాలు, ముక్కుకు మాస్కు లేకుండా డ్రిల్లు ముట్టుకోనివ్వకపోవడం ఈ పనిలో మొదటి నియమం కావాలి, ఏ దేశంలోనైనా.

చీల్చిన రాయి నాలుగు వందల కిలోలు దాటినా ఆశ్చర్యం లేదు. చెట్ల మధ్య బిగించిన ఉక్కు తాడుకు వేలాడదీసి, చేత్తో తిప్పే యంత్రంతో లాగి దించుతారు. ఆ తర్వాత నలుగురు గడ్డపారలతో అంగుళం అంగుళం జరుపుతారు. సిమెంటు ఉండదు. పై మెట్టు కింది మెట్టు వెనక అంచు మీద కూర్చోవాలి, వెనక సందుల్లో నలగ్గొట్టిన రాళ్ళు కూరాలి. తర్వాత ఒకరు దాని నాలుగు మూలలా ఎక్కి తొక్కి చూస్తారు. ఆవగింజంత ఊగినా మళ్ళీ లేపాల్సిందే. ఒక జట్టు రోజుకు ఒకటో రెండో మెట్లు కూర్చితే అది మంచి రోజే.

ఇంతా చేశాక మనిషి పాదం సంగతి మిగిలే ఉంటుంది. మెట్ల పక్కన మెత్తటి నేల కనిపిస్తే జనం అటే దిగుతారు. ‘దారి దాటవద్దు’ అని బోర్డు పెడితే వినేవాళ్ళు తక్కువ. అందుకని అటూ ఇటూ ఎగుడుదిగుడు రాళ్ళు పాతుతారు, కాలు పెట్టబుద్ధి కాకుండా. వదిలేసిన పాత దారి మీద ఎండుకొమ్మలు, దుంగలు అడ్డంగా పరిచి, అది దారి అన్న ఆనవాలే చెరిపేస్తారు. గట్టిపడిన మట్టిని తవ్వి వదులు చేస్తే విత్తనాలకు పట్టు దొరుకుతుంది.

అడవిలో ఇన్ని మెట్లేమిటి, సహజత్వం పోయిందని బాధపడేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ అంత జనం ఎక్కే కొండ మీద మట్టిదారిని అలాగే వదిలేస్తే మిగిలేది సహజత్వం కాదు, గండి. ఇంకో అపోహ కూడా ఉంది: వాలంటీర్లంటే ఖర్చులేని కూలీలని. రాయి కొట్టడం నేర్పడానికి అనుభవమున్న మేస్త్రీలు కావాలి, వాళ్ళకు జీతాలివ్వాలి. పనిముట్లు, శిక్షణ, భద్రత అన్నిటికీ డబ్బు కావాలి. అది సమకూర్చని ప్రభుత్వాలు వాలంటీర్లను ఎంత పొగిడినా కొండకు ఒరిగేదేమీ లేదు.

2023 జులై 9న ఆ ప్రాంతంలో కుండపోత వాన కురిసింది. కొన్ని గంటల్లోనే కొన్నిచోట్ల ఏడు అంగుళాలు దాటింది. పార్కు మూసేశారు, చుట్టుపక్కల ఎన్నో కాలిబాటలు దెబ్బతిన్నాయి. మరుసటి ఏడాది సెప్టెంబరులో హెలీన్ తుపాను అపలాచియన్ ట్రైల్ దక్షిణ భాగాన్ని కూలిన చెట్లతో కప్పేసింది. రెండుచోట్లా రంపాలు, పారలు పట్టుకుని దిగినవాళ్ళలో వాలంటీర్లు ఉన్నారు. అలాంటి విపత్తు లేని ఏడాదిలోనూ పని ఉంటుంది. ఒక్కో వాలంటీరుకు ఒక్కో ముక్క అప్పగిస్తారు. ఏటా కొన్నిసార్లు వెళ్ళి పడిన కొమ్మలు తీయాలి, దారి చూపే గుర్తులు చెరిగితే మళ్ళీ రంగు వేయాలి, ముఖ్యంగా నీరు బయటికి పోయే చోట పేరుకున్న ఆకులూ మట్టీ తోడెయ్యాలి. ఇది రాయి కొట్టే పని కాదు. పార పట్టగలిగిన ఎవరైనా ఒక ఉదయంలో నేర్చుకోవచ్చు. న్యూజెర్సీ తెలుగు కుటుంబాలకు ఈ కొండలు దగ్గరే. అక్కడి మన సంఘాలు వనభోజనాలకు తేదీ పెట్టుకున్నట్టే, ఆకులు రాలిన నవంబరులో ఒక శనివారం దీనికీ పెట్టుకుంటే ఒక మైలు దారి మరుసటి ఏడాది వానలకు తట్టుకుని నిలుస్తుంది.