గోడలమీది ధర్మము

కట్టడములను విమర్శించువారు సామాన్యముగా బయటి స్తంభములను లెక్కించి, గోపురముల యెత్తును గొనియాడి తృప్తి నొందుదురు. ఇంటి శీలము వీధియరుగుమీద గాక వంటయింట తెలియునట్లు, ప్రభుత్వభవనముల స్వభావమును లోపలి గదులలోనే తెలియును. ఢిల్లీలోని పాత పార్లమెంటు భవనము ఈ దృష్టితో చూడదగినది.

ఎడ్విన్ లట్యెన్సు, హెర్బర్టు బేకరు అను ఆంగ్లశిల్పులు కల్పించిన ఈ వర్తులభవనమునకు 1921లో శంకుస్థాపనము జరిగెను. 1927 జనవరి 18వ తేదీన ప్రారంభోత్సవమయ్యెను. నడుమ నొక విశాలమందిరము, దానిచుట్టును మూడు సభాశాలలు. రెండు శాసననిర్మాణసభలకు, మూడవది స్వదేశసంస్థానాధీశులకు. కొందరు ప్రజలచే నెన్నుకొనబడినవారికిని, పుట్టుకచే ప్రభువులైనవారికిని ఒకే వలయములో చోటు చూపిన ఈ పొందికలోనే నాటి దొరతనమువారి మనోగతము వెల్లడియగుచున్నది.

నడిమి మందిరము మొదట గ్రంథాలయము. దాని గోపురపు వ్యాసము 98 అడుగులు. కప్పు మిక్కిలి యెత్తగుటచే పంకాలను పైనుండి వ్రేలాడదీయక, నేలనుండి లేచిన కంబములపై తలక్రిందులుగా నిలిపిరి. చూచువారు దీనిని వింతగా చెప్పుకొందురు. నాకు మాత్రము ఇది ఆ కట్టడముపై చక్కని విమర్శగా తోచుచున్నది. గాంభీర్యముకొరకు కప్పు నెంత పైకెత్తినను, గాలి క్రింద కూర్చున్న మనుష్యునకు తగులవలయును గదా! గోడలయందు అవిభక్తభారతదేశపు 12 రాష్ట్రముల చిహ్నములు బంగారుపూతతో మెరయుచుండును. అందు ఆంధ్రచిహ్నమును వెదకుట వ్యర్థము. ఆంధ్రరాష్ట్రము 1953లో గాని యేర్పడలేదు. గోడ నిలిచిపోయినది, దేశము ముందునకు నడచినది.

ఆ భవనములోనే యొక లిఫ్టు ద్వారముకడ మహాభారతశ్లోక మొకటి చెక్కబడియున్నది. పెద్దలు లేని సభ సభ కాదనియు, ధర్మము పలుకనివారు పెద్దలు కారనియు దాని భావము. సంస్కృతము చదివిన నాకు దానిని తలచిన సంతోషమే. అయినను, చదువనేరని వానికి ఆ యక్షరములు లతాపుష్పముల చిత్రణమువంటివే. చదివియు పాటింపనివానికి అంతకంటెను తక్కువ. మా బడిగోడలమీదను సత్యమే పలుకుమని పెద్దయక్షరములతో వ్రాయించితిమి. ఆ గోడకు చేరబడియే పిల్లలు కాపీ వ్రాయుచుండుట నేనెరుగుదును.

కాబట్టి గదికి ధర్మము నిచ్చునది చెక్కడము కాదు, అందు కూర్చున్నవారు. గ్రంథాలయముగా కట్టిన ఆ నడిమి మందిరముననే 1946 డిసెంబరు 9వ తేదీన రాజ్యాంగపరిషత్తు మొదటిసారి కూడెను. ఆ పరిషత్తునందు 15 మంది స్త్రీలు సభ్యులైరి. రాజమహేంద్రవరమున పుట్టి, ఎనిమిదేండ్లకే పెండ్లియై, పిమ్మట ఆ బాల్యవివాహబంధమును వదలి చదువుకొన్న దుర్గాబాయి వారిలో నొకరు. అస్పృశ్యులని త్రోయబడిన కులమునుండి వచ్చిన దాక్షాయణీ వేలాయుధన్ మరియొకరు. వీరికొరకు ఏ శిల్పియు ఆ భవనమున పీఠము గీయలేదు. సంస్థానాధీశుల శాలకును ఇట్టి మార్పే కలిగెను. 1950 మొదలు 1958 వరకు సుప్రీముకోర్టు అందే న్యాయము విచారించెను. వంశము గొప్పగా కూర్చుండుటకై కట్టిన చోట, సామాన్యుడు వాది యయ్యెను.

2023 సెప్టెంబరులో సభలు క్రొత్తభవనమునకు తరలినవి. పాతదానికి సంవిధాన సదనమని పేరిడిరి. ఖాళీయైన సభాశాలలనుగూర్చి విచారించువారు కలరు. నాకు ఆ విచారము లేదు. నాకు గల విచారము మన యిండ్లనుగూర్చినది. చావడిలో సంస్కర్తల పటములు వ్రేలాడుచునే యున్నవి. కూతురి చదువునుగూర్చియు పెండ్లినిగూర్చియు ఆలోచన జరుగునప్పుడు ఆ తల్లి మాత్రము తలుపుచాటుననే నిలుచుచున్నది. పటమును దించనక్కరలేదు. ఆమెకొక కుర్చీ వేయుడు, కూతురికి మరియొకటి. ఆనాడు మన చావడియు సభ యగును.