గ్రాముల లెక్క

పాత కారు ఇంజను పని అనగానే బోరింగు, రింగులు, బేరింగులు, వాల్వులు గుర్తొస్తాయి. తూకం ఎవరికీ గుర్తు రాదు. ఈ వారం బాసరలో వాహన పూజకు వచ్చిన ఒక పాత అంబాసిడర్ సంగతీ అంతే. బంతిపూల దండ, టైరు కింద నిమ్మకాయ, అద్దంలా మెరిసే బంపరు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. ఇంజను కట్టి నెల కూడా కాలేదు. అయినా డ్రైవరు యాక్సిలరేటరు మీద కాలు వేయగానే గేరు లివరు గజగజ వణికింది. అడిగితే తేలిందేమంటే, మూడు పిస్టన్లు ఒక కంపెనీవి, నాలుగోది మరో కంపెనీది. తూచకుండానే బిగించేశారు. తూచనిది బిగించొద్దని ఈ కాలమ్ ఎన్నేళ్లుగా పట్టుబడుతోందో వారం వారం చదివేవారికి తెలుసు. ఆ పట్టుదల ఎంతవరకు న్యాయమో ఈసారి లెక్క వేసి చూడటం మంచిది.

పని మొదలయ్యేది పానాతో కాదు, గుర్తులతో. మెయిన్ బేరింగ్ క్యాపులకు, కనెక్టింగ్ రాడ్లకు వరుస నంబర్లు కొట్టుకోవాలి. ఫ్లైవీల్ మీద క్లచ్ ప్రెషర్ ప్లేటు ఏ స్థానంలో కూర్చుందో పంచ్‌తో చుక్క పెట్టుకోవాలి. ఈ చుక్క విలువ చివర్లో తెలుస్తుంది. ఇంజను దించి హెడ్ తీశాక సిలిండర్ గోడ మీద పైనుంచి కిందికి గోరు పెట్టి చూస్తే, పై రింగు ఆగే చోట చిన్న గట్టు తగులుతుంది. గట్టుకు పైన గోడ అరగలేదు, కింద అరిగిందని దాని అర్థం. అరుగుదల గుండ్రంగా కూడా ఉండదు. పిస్టన్ పక్కకు ఒత్తే దిక్కున ఎక్కువగా ఉండి బోరు కోలగా మారుతుంది. అందుకే కొలత రెండు దిక్కులా, మూడు ఎత్తుల్లో తీయాలి. అంబాసిడర్ 1489 సీసీ ఇంజనులో బోరు 73.025 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ. క్రాంకుకు మూడే మెయిన్ బేరింగులు. క్రాంకు గ్రైండింగు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన పది, ఇరవై, ముప్పై, నలభై మెట్లుగా జరుగుతుంది. ప్రతి మెట్టుకూ ఆ క్రాంకు ఆయుష్షు కొంత తగ్గినట్టే.

ఇంకా పాత కార్లలో రెడీమేడ్ బేరింగ్ షెల్స్ ఉండవు. తగరం, ఆంటిమొనీ, రాగి కలిపిన తెల్ల లోహాన్ని కరిగించి బేరింగు గూటిలోనే పోసి, చల్లారాక బోరు చేసి, నీలిరంగు పూసి, క్రాంకు తాకిన చోటల్లా చేత్తో గీకి సరిపెట్టాలి. ఈ పని తెలిసిన చేతులు ఇప్పుడు అరుదు. దొరికితే వారం రోజులు ఆగైనా వారికే అప్పగించాలి.

ఇంజను ఎందుకు ఊగుతుందో ఈ ప్రాంతపు పాత తరం రైతుకు పుస్తకం లేకుండానే తెలుసు. కరెంటు మోటార్లు రాకముందు బావుల మీద ఆయిల్ ఇంజన్లు ఉండేవి. ఒంటి సిలిండరు, రెండు పక్కలా బరువైన చక్రాలు. నిమిషానికి 650 చుట్లు తిరిగే లిస్టర్ రకం ఇంజనుకు పునాది బోల్టు ఒక్కటి వదులైతే చాలు, మొత్తం ఇంజను గంతులేసేది, పక్కనున్న తొట్టిలో నీళ్లు అలలు కట్టేవి. పిస్టన్ పైకి పోయి ఆగాలి, మళ్లీ కిందికి రావాలి. దాన్ని ఆపే బలమూ లాగే బలమూ ఎక్కడో ఒకచోట ఆనక తప్పదు. క్రాంకుకు ఎదురుగా బరువు పెడితే నిలువు ఊపు తగ్గుతుంది, అడ్డం ఊపు పెరుగుతుంది. ఒంటి సిలిండరులో ఊపును ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు మార్చగలం కానీ పోగొట్టలేం.

తూకం పట్టింపు ఈ నేలకు ఇంజన్ల కంటే చాలా ముందే ఉంది. గోదావరికి దక్షిణాన, నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు డమాస్కస్ కత్తుల కోసం పర్షియా దాకా పోయేది. సర్వే శాఖలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన వాయ్సీ అక్కడి పని చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. మిట్‌పల్లి ఇనుము మూడు పాళ్లు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్లు కలిపి మూసలో పెట్టేవారని అందులో ఉంది. ఇస్ఫహాన్ వారు ఈ పద్ధతి తెలిసీ తమ ఊళ్లో చేయబోయి విఫలమయ్యారట. మూడు, రెండు అనే పాళ్లు తెలిసినంత మాత్రాన ఉక్కు రాలేదన్న మాట. తూకం ఒక్కటే చాలదని కింది లెక్కలోనూ తేలుతుంది.

తూచే పద్ధతి కష్టమేమీ కాదు. నిర్మల్లోనో భైంసాలోనో కంసాలి దుకాణంలోని ఎలక్ట్రానిక్ తక్కెడ పిస్టన్లకు చాలు. నాలుగింటినీ పిన్నుతో, రింగులతో సహా తూచి, అన్నింటికంటే తేలికైనదాన్ని ప్రమాణంగా పెట్టుకుని, మిగతావాటి లోపలి వైపు పిన్ను గుబ్బల దగ్గర కొద్దిగా లోహం తీయాలి. కనెక్టింగ్ రాడ్‌ను మొత్తంగా తూచితే చాలదు. చిన్న కన్నాన్ని దారంతో వేలాడదీసి, రాడ్ అడ్డంగా సమంగా ఉండేలా చూసి, పెద్ద కన్నాన్ని తక్కెడ మీద ఆనించాలి. తరువాత అటుది ఇటు. పెద్ద కన్నం క్రాంకుతో తిరుగుతుంది, చిన్న కన్నం పిస్టన్‌తో పైకీ కిందికీ పోతుంది. రెండింటి లెక్కా వేరు.

నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒకటి, నాలుగు కలిసి లేస్తే రెండు, మూడు కలిసి దిగుతాయి. ఒక జంట ఊపును మరో జంట చంపేస్తుంది. కానీ రాడ్ ఏటవాలుగా ఊగడం వల్ల పిస్టన్ ప్రయాణం పై సగంలో వేగంగా, కింది సగంలో నిదానంగా సాగుతుంది. ఈ తేడా నుంచి చుట్టుకు రెండుసార్లు కొట్టే రెండో ఊపు పుడుతుంది. దాన్ని ఏ జంటా చంపలేదు, నాలుగూ కలిసి ఒకే దిక్కుకు కొడతాయి. పిస్టన్‌తో కదిలే బరువు 600 గ్రాములు, రాడ్ పొడవు క్రాంకు వ్యాసార్ధానికి నాలుగు రెట్లు అనుకుంటే, 4000 ఆర్‌పీఎం దగ్గర ఆ దెబ్బ సుమారు 475 కిలోలు. నాలుగో పిస్టన్ అయిదు గ్రాములు ఎక్కువ ఉంటే అదే వేగంలో దాని వంతు నాలుగు కిలోలు.

ఇన్నాళ్ల పట్టుదలకు ఈ అంకెలు నప్పవు. నప్పకపోయినా అంకెల మాటే వినాలి. పుట్టుకతో వచ్చిన 475 కిలోల ఊపు పక్కన నాలుగు కిలోల కోసం క్రాంకుకు రంధ్రాలు పొడిచి, దాన్ని అరగదీసి తేలిక చేయడం తప్పు. ఆ రెండో ఊపుకు విరుగుడు, రెట్టింపు వేగంతో ఎదురెదురుగా తిరిగే రెండు షాఫ్టులని ఇంగ్లండు ఇంజనీరు లాంచెస్టర్ వందేళ్ల కిందటే చెప్పాడు. మిత్సుబిషి 1970ల్లో దాన్ని మామూలు కార్లలోకి తెచ్చింది. అంబాసిడర్‌లో ఆ షాఫ్టులు లేవు, మౌంటింగ్ రబ్బర్లే ఉన్నాయి. బాసరలో వణికిన గేరు లివరుకు నాలుగో పిస్టన్ కంటే, గట్టిపడి బండరాయి అయిన ఆ రబ్బర్లే కారణమై ఉండే అవకాశం ఎక్కువ. రెండో అనుమానం క్లచ్ మీద. ఫ్లైవీల్ అంచు వైపు, పది సెంటీమీటర్ల దూరంలో పది గ్రాములు ఎక్కువైతే 4000 ఆర్‌పీఎం దగ్గర 18 కిలోల లాగుడు పుడుతుంది. ప్రెషర్ ప్లేటు చుక్క తప్పి బిగిస్తే జరిగేది అదే. కాబట్టి బ్యాలెన్సింగు మెషిను మీదికి వెళ్లాల్సింది ముందు ఫ్లైవీలు, క్లచ్. అక్కడ గ్రాము గ్రాముకూ విలువ ఉంది.

ఆరు సిలిండర్ల వరుస ఇంజనుకు ఈ రెండో ఊపు లేనే లేదు, జంటలన్నీ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ అలాంటిది. దాన్ని ఆర్డరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టులో మరణించాడు, కారు ఆయన చూడలేదు. పెద్దగా తిరగని కారు కాబట్టి దాని ఇంజనులో చాలాభాగం తొలినాటి చేతిపనే అయి ఉండాలి. అలాంటిదాన్ని బాగుచేసేవారు తీసేసే ప్రతి గ్రాముకూ జవాబు చెప్పుకోవాలి.

చట్టం కూడా ఇప్పుడు ఇటే మొగ్గింది. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకు ‘వీఏ’ అక్షరాల ప్రత్యేక నంబరు ఇస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజను తొలి రూపంలో ఉండాలన్నది షరతు. పాత అంబాసిడర్లు కొన్ని ఇప్పటికే ఆ వయసుకు వచ్చాయి.

బిగింపులో కొత్త రహస్యాలేమీ లేవు. ప్రతి బేరింగుకు ఆయిల్ పూసి, ఒక్కో రాడ్ బిగించగానే క్రాంకును చేత్తో తిప్పి చూడాలి. బిర్రుగా అనిపిస్తే అక్కడే ఆగాలి. కట్టాక మొదటి 800 కిలోమీటర్లు ఒకే వేగంలో పోనివ్వకుండా, బరువు ఎక్కించకుండా నడపాలి. ఆ తరువాత ఆయిల్ మార్చి, హెడ్ నట్లు టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి. అంబాసిడర్‌లో ఆ నట్లలో కొన్ని రాకర్ షాఫ్టునూ పట్టి ఉంచుతాయి కాబట్టి, వాల్వు గ్యాపులు చూడాల్సింది ఆ బిగింపు అయ్యాకే.