ముందు అద్దం పగిలితే: సాలూరు లారీ షెడ్ల విద్య, పాలికార్బనేట్ ఆకర్షణ

ఉత్తరాంధ్రలో లారీ పని అనగానే గుర్తుకొచ్చే ఊరు సాలూరు. వేగావతి ఒడ్డునున్న ఈ పట్టణానికి లారీ పరిశ్రమలో విజయవాడ తరువాతి స్థానం తనదేనన్న పేరు చాలాకాలంగా ఉంది. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా వచ్చి, సాలూరు దాటాక ఘాట్ ఎక్కి, సుంకి దగ్గర ఒడిశాలో ప్రవేశించి కోరాపుట్ వైపు సాగే జాతీయ రహదారి, ఒకప్పుడు 43వ నంబరుతోనూ ఇప్పుడు 26వ నంబరుతోనూ, విశాఖ రేవుకూ ఛత్తీస్‌గఢ్ లోతట్టు ప్రాంతాలకూ మధ్య సరుకును నడిపిస్తూ వచ్చింది కనుక, కొండ ఎక్కబోయే బండికీ కొండ దిగివచ్చిన బండికీ మరమ్మతు చోటుగా ఈ ఊరు కుదురుకుంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో సాలూరు విజయనగరం జిల్లాను విడిచి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినా, బాడీ కట్టే వడ్రంగులు, రేకు పనివారు, పెయింటర్లు, కమాన్ పట్టీలు సరిచేసేవారు, అద్దాలు బిగించేవారు కలిసి నడిపించే ఆ షెడ్ల బతుకు మాత్రం రోడ్డుతోనే ముడిపడి ఉంది.

ఈ పనులన్నింటిలో అద్దం పని చిన్నదిగా కనిపిస్తుంది. బండిని చదవడం ఎంత వచ్చో తేల్చే పని కూడా అదే. కంపెనీ నుంచి లారీ చాలాకాలం పాటు పూర్తి రూపంలో వచ్చేది కాదు. ఇంజను, చక్రాలు, స్టీరింగు, ముందు భాగపు రేకు మాత్రమే ఉన్న చాసిస్‌ను యజమాని కొని తెచ్చుకుంటే, డ్రైవరు కూర్చునే క్యాబిన్‌నూ సరుకు నింపే తొట్టినీ షెడ్డులో కట్టేవారు. గట్టి కర్రతో పంజరం కట్టి, దానికి రేకు తొడిగి, ముందు వైపు నడుమ ఒక నిలువు కమ్మీ వేసి, దానికి ఇరుపక్కలా రెండు చదును అద్దాలు బిగించడం ఆ తరహా క్యాబిన్లలో పరిపాటి. వంపు అద్దం కావాలంటే అచ్చు ఉండాలి, కంపెనీ ఉండాలి. చదును అద్దం పగిలితే మాత్రం దగ్గరి పట్టణంలో కోయించి తెచ్చుకోవచ్చు. దూరప్రయాణంలో బతికే బండికి ఇది చాలా తెలివైన ఏర్పాటు.

అద్దమంటే అన్నీ ఒకటి కావు. మామూలు గాజు పగిలితే కత్తుల్లాంటి పెంకులవుతుంది. గాజును 600 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు వేడిచేసి, గాలి జల్లులతో ఒక్కసారిగా చల్లారిస్తే దాని పైపొరలు లోపలికి నొక్కుకుపోయి బలం పుంజుకుంటాయి; దీన్ని టెంపర్డ్ గాజు అంటారు. అది పగిలితే మొత్తం చిన్న చిన్న గుళికలై రాలుతుంది, అందుకే పక్క కిటికీలకు వాడతారు. రెండు గాజు పలకల నడుమ పాలివినైల్ బ్యుటిరాల్ అనే జిగురు పొరను, సాధారణంగా 0.76 మిల్లీమీటర్ల మందంలో, పెట్టి వేడితోనూ ఒత్తిడితోనూ అతికిస్తే వచ్చేది లామినేటెడ్ గాజు. దీని మూలం ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బెనెడిక్టస్ 1903లో గమనించిన సంగతిలో ఉంది: సెల్యులోజ్ నైట్రేట్ పొర ఎండి అంటుకుపోయిన ఒక సీసా కింద పడి చిట్లినా ముక్కలు విడిపోలేదు. ముందు అద్దం పగిలినా డ్రైవరు ముఖం మీద పడకూడదు, లోపలి మనిషి బయటికి ఎగిరిపోకూడదు, పగిలిన తరువాత కూడా రోడ్డు కొంతైనా కనబడాలి. ఈ మూడూ నెరవేర్చేది లామినేటెడ్ గాజే కనుక, భారతదేశపు మోటారు వాహన నియమాలు 1990ల నుంచి ముందు అద్దానికి దానినే విధిస్తున్నాయి.

ఇక ఈ ప్రాంతంలో అద్దాలు పగలడానికి కారణాలు కావలసినన్ని ఉన్నాయి. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల దారుల్లో, గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనుల దారుల్లో ముందు బండి టైరు నుంచి ఎగిరే రాయి ఒక కారణం. ఘాట్ మలుపుల్లో బరువు బండి చాసిస్ మెలితిరిగి, దానితో పాటు క్యాబిన్ చట్రం మూలలు కదలడం మరొకటి. మూడోది అంత తేలిగ్గా కంటికి ఆనదు: నౌపడ ఉప్పు మడుల వంటి తీర ప్రాంతాల గాలికి తిరిగే బండిలో అద్దం చుట్టూ ఉన్న రబ్బరు కింద దాగిన రేకు తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఉబ్బు ఒక్కచోట అద్దం అంచును లోపలి నుంచి నొక్కుతుంది. ఏ రాయీ తగలకుండానే ఒక తెల్లవారుజామున అద్దం మూల నుంచి గీత పాకిందంటే నిందించవలసింది ఆ తుప్పునే. బీటు కొనలోకి తేమ చేరితే గాజులోని బంధాలు మరింత సులువుగా తెగుతాయి కనుక, వేసవిలో వేలెడంత ఉన్న గీత వానాకాలంలో అద్దమంతా పాకుతుంది.

అందువల్ల పగిలిన అద్దం ముందు నిలబడ్డ పనివాడు మొదట చూడవలసింది బీటు ఎక్కడ పుట్టిందన్నది. నడుమ ఒక చుక్క, దాని చుట్టూ నక్షత్రంలా చీలికలు ఉంటే అది రాయి దెబ్బ. చుక్క ఏదీ లేకుండా అంచు నుంచి వంకరగా బయలుదేరిన గీత అయితే తప్పు చట్రానిది. గీత మీద గోరు నడిపితే ఏ వైపు తట్టుకుంటుందో దాన్నిబట్టి బయటి పలక పగిలిందా, లోపలిదా అన్నది తెలుస్తుంది. అంచుల వెంట పాలలాంటి తెల్లదనం కనిపిస్తే రబ్బరు నీటిని ఆపడం మానేసి, తడి జిగురు పొరలోకి చేరిందని అర్థం. ఈ పరీక్షలేవీ చేయకుండా కొత్త అద్దం బిగిస్తే అదే మూల మళ్లీ పగులుతుంది, యజమాని అద్దం నాసిరకమని అనుకుంటాడు.

బిగింపు చూడదగిన పని. లామినేటెడ్ పలకను రెండు వైపులా ఒకే గీత మీద వజ్రపు కొనతోనో ఉక్కు చక్రంతోనో గీసి, రెండు పలకలనూ విడివిడిగా తుంచి, ఆ గీత మీద స్పిరిట్ పోసి అంటిస్తే నడిమి పొర మెత్తబడుతుంది. అప్పుడు సన్నని బ్లేడుతో దాన్ని కోస్తారు. టెంపర్డ్ గాజును ఇలా కోయలేరు, గీత పడగానే మొత్తం రాలిపోతుంది. కోసిన అంచును రాతితో నునుపు చేస్తారు, ఎందుకంటే అంచులోని ప్రతి నెర్రే రేపటి బీటుకు మొలక. ఆపైన బీడింగు అనే రబ్బరు పట్టీని అద్దం చుట్టూ తొడిగి, చట్రం కూర్చునే గాడిలో సన్నని గట్టి తాడును చుట్టూ పరిచి, రెండు కొసలనూ లోపలి వైపు వేలాడేలా వదులుతారు. సబ్బు నీళ్లు రాసి అద్దాన్ని బయటి నుంచి చట్రానికి ఆనించి, ఒక మనిషి అరచేతులతో నెమ్మదిగా అదుముతుండగా లోపలి మనిషి తాడు కొసను లాగుతూ వస్తాడు. తాడు బయటికి వస్తున్న కొద్దీ రబ్బరు పెదవి రేకు అంచు మీదుగా లోపలికి మడతపడి కూర్చుంటుంది. ఇద్దరి చేతులూ ఒకే వేగంతో సాగాలి. లాగేవాడు తొందరపడితే రబ్బరు చిరుగుతుంది, అదిమేవాడు తొందరపడితే అద్దం చిట్లుతుంది. ఆ రబ్బరు పని నీటిని ఆపడంతో ముగియదు. చట్రం మెలితిరిగినప్పుడు ఆ మెలిక గాజుకు చేరకుండా మింగేది కూడా అదే.

గాజు బదులు అంతకంటే గట్టి ప్లాస్టిక్ పెడితే ఈ బాధంతా తీరదా అన్న ఆలోచన ప్రపంచంలో చాలాచోట్ల పుట్టింది. అమెరికాలోనూ ఐరోపాలోనూ పాత స్పోర్ట్స్ కార్ల నకళ్లు కట్టుకునే ఔత్సాహికులు, ముఖ్యంగా 1950ల నాటి పోర్షే 356 స్పీడ్‌స్టర్ ఆకారాన్ని ఫైబర్ గాజుతో పోతపోసి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ చాసిస్ మీద నిలిపేవారు, ఈ సమస్యను బాగా ఎరుగుదురు. ఫైబర్ బాడీ ఉక్కు బాడీ కంటే ఎక్కువగా వంగుతుంది, దాని మీది పొట్టి అద్దపు చట్రం ప్రతి గుంతలోనూ మెలితిరుగుతుంది, మూలలో గీత పుడుతుంది. కొందరు అక్కడ పాలికార్బనేట్ పలక వాడతారు. దీన్ని 1953లో జర్మనీలో బేయర్ సంస్థకు చెందిన హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌కు చెందిన డేనియల్ ఫాక్స్ విడివిడిగా కనిపెట్టారు. మాక్రోలాన్, లెక్సాన్ అనే పేర్లు అలా వచ్చినవే. యాక్రిలిక్ దీనికి పాత చుట్టం. మరింత స్పష్టంగా ఉంటుంది కానీ గట్టి దెబ్బకు పగిలి విడిపోతుంది. పాలికార్బనేట్ సుత్తి దెబ్బకు సొట్ట పడుతుందే తప్ప సాధారణంగా చిట్లదు. బరువు గాజులో సగం కంటే తక్కువ. 6 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు సుమారు 15 కిలోలు తూగితే, అదే మందపు పాలికార్బనేట్ 7 కిలోల పైచిలుకు మాత్రమే తూగుతుంది. వేడి చేయకుండానే మందానికి నూరు రెట్ల వ్యాసార్ధం వరకు వంచవచ్చు, అంటే 3 మిల్లీమీటర్ల పలకను 300 మిల్లీమీటర్ల వంపుకు తేవచ్చు. అచ్చు దొరకని వంపు అద్దానికి ఇది నిజంగా గొప్ప వరమే.

అయితే ఈ పలక పనితనం గాజు పనితనం కంటే వేరు. వేడికి ఇది గాజు కంటే ఏడెనిమిది రెట్లు వ్యాకోచిస్తుంది, 1.2 మీటర్ల పలక 30 డిగ్రీల తేడాకు దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, గాజు పెరిగేది మిల్లీమీటరులో మూడో వంతే. మరలు బిగించే రంధ్రాలు మర కంటే పెద్దవిగా, అంచు దగ్గర ఖాళీ వదిలి వేయాలి. లేకుంటే ఎండ పొద్దున పలక ఉబ్బి అలలు తేలుతుంది. దుమ్ము మీద వైపర్ తిరిగితే గీతలు పడతాయి, ఎదుటి బండి దీపం పడ్డ రాత్రి ఆ గీతలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. గట్టి పూత పూసిన పలకలు దీన్ని తట్టుకుంటాయి కానీ ఆ పూత శాశ్వతం కాదు. పెయింటు షెడ్డులో చేతికందే థిన్నర్, పెట్రోలు, అసిటోన్ తగిలితే పలక లోలోపల సన్నని చీలికలతో మసకబారుతుంది. అతినీల కిరణాలకు పసుపు రంగు తిరుగుతుంది; ఈ మాటకు సాక్ష్యం ఎక్కడో వెదకనక్కరలేదు, పదేళ్లు ఎండలో నిలిచిన ఏ కారు హెడ్‌లైటు కప్పునైనా చూడవచ్చు, అదీ పాలికార్బనేటే.

అందుకే రోడ్డు మీది లారీకి ముందు అద్దంగా ప్లాస్టిక్ పలక పెట్టడం తప్పని గట్టిగా చెప్పవలసి ఉంది. మన నియమాలు దానికి లామినేటెడ్ భద్రతా గాజును కోరతాయి. అమెరికాలో కూడా రోడ్డు కార్ల ముందు అద్దానికి ఉండవలసిన గుర్తు లామినేటెడ్ గాజుకు ఇచ్చేదే, గట్టి ప్లాస్టిక్‌కు వేరే తరగతులు, వేరే చోట్లు కేటాయించారు. పందెం కార్లలో పాలికార్బనేట్ అద్దాలు ఉన్నాయి, నిజమే. కానీ ఆ కారు కొన్ని గంటలు పరుగెత్తి షెడ్డుకు చేరుతుంది, దాని అద్దం మీద ఒలిచి పారేయగల పలుచని పొరలు అతికి ఉంటాయి. రాత్రంతా ఘాట్ ఎక్కి, బొగ్గు దుమ్ములో ఆగి, వానలో దిగే లారీకి ఆ వసతి లేదు. పైగా పలక పగలకపోవడం వల్ల చట్రం మెలిక, తుప్పు ఉబ్బు కనిపించకుండా పోతాయి, క్యాబిన్ సడలిపోతున్న సంగతి ఎవరికీ తెలియదు. గాజు పగిలి చెప్పే ఆ కబురు విలువైనది.

ప్లాస్టిక్‌కు తగిన చోట్లు లేకపోలేదు. క్యాబిన్ వెనుక కిటికీ, దీపాల కప్పులు, మోటారు సైకిలు గాలి తెర, ప్రదర్శనకు నిలిపిన నకలు కారు: వీటికి ఆ పలకే మేలు, అక్కడ గాజును అంటిపెట్టుకోవడం వృథా ఖర్చు.

షెడ్ల పని ఇప్పుడు మరో మలుపులో ఉంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్య తరహా, భారీ లారీల క్యాబిన్‌కు ఏసీ ఉండాలన్న నియమం వచ్చాక, చల్లదనం జారిపోని గట్టి క్యాబిన్‌ను కంపెనీయే కట్టి పంపడం ఎక్కువవుతుంది. రబ్బరు బీడింగుకు బదులు పాలియురితేన్ జిగురుతో నేరుగా రేకుకు అతికించిన వంపు అద్దాలు పెరుగుతున్నాయి. వాటిని తీయాలంటే ఉక్కు తీగతో జిగురును కోయాలి, కొత్తది పెట్టాక జిగురు ఆరేవరకు బండి కదపకూడదు. గాజు అంచుకు జిగురు పట్టే ముందు రేకు మీది తుప్పును పూర్తిగా గీకి ప్రైమర్ పూయకపోతే ఈ పద్ధతిలో నష్టం ఇంకా పెద్దది, ఎందుకంటే అతుకు ఊడిన అద్దం ప్రమాదంలో చట్రాన్ని వదిలేస్తుంది. తాడు లాగడం తెలిసిన చేతులకు ఈ కొత్త పని నేర్పే శిక్షణ సాలూరులోనే జరగాలి, ఎందుకంటే తుప్పు ఎక్కడ దాక్కుంటుందో ఆ చేతులకు ఇప్పటికే తెలుసు.