రేఖల రణభూమి: ‘బాటిల్‌జోన్’లో ఆలంబన సమస్య

అటారీ సంస్థ 1980లో విడుదల చేసిన ‘బాటిల్‌జోన్’ వీడియో గేమ్‌ను సాధారణంగా త్రిమితీయ దృశ్యభ్రాంతిని తొలినాళ్లలోనే సాధించిన ఆటగా స్మరిస్తారు. ఎడ్ రాట్‌బర్గ్ రూపొందించిన ఈ ఆటలో ఆటగాడు యుద్ధట్యాంకు లోపల ఉండి, పెరిస్కోపు వంటి కన్నం గుండా బయటికి చూస్తాడు. రెండు జాయ్‌స్టిక్‌లతో ట్యాంకు రెండు పట్టాలనూ విడివిడిగా నడుపుతాడు. సాహిత్య విమర్శకు ఇందులో ఆసక్తికరమైన విషయం మరొకటి ఉంది. ఎవరితో, ఎందుకు పోరాడుతున్నాడో ఆట అతనికి ఎక్కడా చెప్పదు.

తెరపై ఉన్నవన్నీ గీతలే. వస్తువుల అంచులే తప్ప ఉపరితలాలు ఉండవు. చదునైన మైదానంలో పిరమిడ్లు, ఘనాలు. దిగంతాన కొండలు, నెలవంక, నిప్పులు చిమ్మే అగ్నిపర్వతం. ఎంత దూరం నడిచినా ఆ కొండలు దగ్గరపడవు. రస పరిభాషలో చెప్పాలంటే ఇక్కడ ఉద్దీపన విభావానికి కొదవలేదు, ఆలంబనమే పలుచన. వీరరసానికి ఉత్సాహం స్థాయి. అది నిలవడానికి నాయకునికి దీటైన ప్రతినాయకుడు కావాలి. ఇక్కడ ఎదురయ్యేవి ట్యాంకులు, వాటికన్నా వేగవంతమైన సూపర్ ట్యాంకులు, క్షిపణులు. ఒకటి పోతే మరొకటి వస్తుంది. విజయమనేది లేదు; ఆటగాడి ట్యాంకులన్నీ నశించినప్పుడే ఆట ముగుస్తుంది. దెబ్బ తగిలిన ప్రతిసారీ తెర పగిలిన అద్దంలా చీలుతుంది. కాబట్టి ఇందులో పోషితమయ్యేది వీరం కన్నా భయానకమే అనాలి.

నాణెం వేసి ఆడించే యంత్రానికి అంతులేనితనం వ్యాపార అవసరమని వాదించవచ్చు. ఆ వాదనతో ఆట ఎందుకు ముగియదో తెలుస్తుంది గాని, శత్రువు ఎందుకు అనామకుడో తెలియదు. పాయింట్ల లెక్క ఇంకా విచిత్రం. గుండు పేల్చే మామూలు ట్యాంకుకు 1000 పాయింట్లు. దాడే చేయని ఎగిరే పళ్లేనికి 5000. హాని చేయనిదాన్ని కూల్చినందుకే అత్యధిక బహుమానం! ఈ లోకంలో కనబడటమే లక్ష్యం కావడానికి చాలు.

ఈ లోపం బయటపడింది సైన్యం చేతిలో. బ్రాడ్లీ పదాతి యుద్ధవాహనాల గన్నర్ల శిక్షణ కోసం అమెరికా సైన్యం కోరిన మీదట అటారీ ‘బ్రాడ్లీ ట్రైనర్’ను తయారు చేసింది. రాట్‌బర్గ్ దీన్ని వ్యతిరేకించాడు. ఇకపై సైనిక పనులు తనకు అప్పగించరాదన్న షరతు మీద పూర్తి చేశాడు. ఇందులో వాహనం కదలదు, ఫిరంగి మాత్రమే తిరుగుతుంది. ఆయుధాన్ని ఎంచుకోవాలి, గుండు గమనంలో గురుత్వాన్ని లెక్కించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, మిత్రవాహనమేదో శత్రువాహనమేదో పోల్చుకోవాలి.

కల్పన నిరపాయమనీ, వాస్తవానుకరణే హింసను తెస్తుందనీ సాధారణ అభిప్రాయం. ఈ రెండు రూపాలను పక్కపక్కన పెడితే అది అంత సులభంగా నిలవదు. కాల్చే ముందు ఎదుట ఉన్నదెవరని అడగనవసరం లేని స్వేచ్ఛను ఇచ్చింది కల్పనే. ఆ ప్రశ్నను చేర్చింది శిక్షణ యంత్రం. అలాగని దానికి నైతిక ఔన్నత్యాన్ని ఆపాదించరాదు. కురుక్షేత్రంలో అర్జునుని చేతులు వణికింది ఎదుటి వారిని గుర్తుపట్టినందుకు. బ్రాడ్లీ శిక్షణలో గుర్తుపట్టడం చేయి వణకకుండా ఉండటానికే; అక్కడ పోల్చుకునేది కూడా వాహనపు ఆకృతినే గాని, లోపల కూర్చున్న మనిషిని కాదు.